జాగ్రత్తక్క పొరుగుదేశం చూసొచ్చిన వైనం

ఆ ఫ్లాట్‌లో ఉండేది నలుగురు అమ్మాయిలు. గోడల మీద మాత్రం ముప్పై ఒక్క కాగితాలుండేవి. అన్నీ లామినేషన్ చేసినవే. స్టవ్ పక్కన ‘వాడిన తర్వాత ఆపవలెను’, సింకు మీద ‘ఎవరి పళ్ళెం వారే’, బాత్రూమ్ తలుపు లోపలివైపు ‘ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు’. చెప్పుల స్టాండు దగ్గర ఏ అర ఎవరిదో తెలిపే పటం కూడా ఉండేది, ఉన్న నాలుగు అరల్లో తప్పిపోతారేమోనని. ఇవన్నీ రాసింది, అతికించింది, వారానికొకసారి తడిగుడ్డ పెట్టి తుడిచింది ఒకే మనిషి. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, పాస్‌పోర్టు వాళ్ళకు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ఫ్లాట్‌లోనూ, యూనివర్సిటీలోనూ తెలుగు వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె జాగ్రత్తక్కే.

ఆ జాగ్రత్త ఆమెకు వారసత్వంగా వచ్చింది. వాళ్ళ నాన్నకు కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు. ముప్పై ఏళ్ళుగా ఆ షాపులో లామినేషన్ మిషను చల్లారలేదు. ఆ ఇంట్లో రేషను కార్డు, కరెంటు కనెక్షను కాగితం, మిక్సీ గ్యారంటీ కార్డు, అన్నీ ప్లాస్టిక్ తొడుక్కునే ఉండేవి. ఆమె టీకాల కార్డును మూడో టీకా వేయించకముందే ఆయన లామినేట్ చేసేయడంతో, మిగతా టీకాలన్నీ నర్సమ్మ ప్లాస్టిక్ మీద స్కెచ్ పెన్నుతో రాయాల్సి వచ్చింది. నాలుగోది చెరిగిపోయి రెండుసార్లు వేశారని ఇంట్లో ఒక అనుమానం ఉంది. కూతురు విదేశానికి బయల్దేరుతుంటే అందరి నాన్నల్లా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చిన్న లామినేషన్ మిషనొకటి కొని పెట్టెలో పెట్టాడు. “అక్కడ దొరుకుతాయో లేదో అమ్మలూ,” అన్నాడు. నాలుగు కిలోల మిషను పట్టడం కోసం నాలుగు కిలోల పుస్తకాలు ఇంట్లోనే ఉండిపోయాయి. చదువుకోవడానికి వెళ్తున్న పిల్లకు అంతకంటే ఏం కావాలి?

ఆమె చదువు మొక్కల కణాలను సీసాల్లో పెంచే చదువు. లాబ్‌లో ఆమెకు ముప్పై ఆరు సీసాలుండేవి. వాటిలో మీగడరంగు కణాలు పోషకద్రవంలో తేలుతూ, ఊగే బల్ల మీద పగలూ రాత్రీ ఊగుతూ ఉండేవి. ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. అరపూట ఆలస్యమైనా కణాలు గోధుమరంగుకు తిరుగుతాయి, తిరిగాయంటే ఇక అంతే సంగతులు. పదహారు వారాలుగా ఆ సోమవారం ఎనిమిదింటి పని ఆమెదే. జ్వరం వచ్చిన సోమవారం కూడా రెండు మాస్కులు కట్టుకుని వెళ్ళింది. ఇంకో నాలుగు వారాలు గడిస్తే కొలతలు, తర్వాత పట్టా. సీసాలు పోతే మళ్ళీ మొదటి వారం నుంచి మొదలు, ఇంకో ఆరునెలల ఫీజు, ఇంకో ఆరునెలల వీసా. ఆ తలనొప్పి ఊహించుకోవడానికే ఆమెకు ధైర్యం చాలేది కాదు.

అలాంటి మనిషిని శని, ఆదివారాలు పొరుగుదేశం తీసుకెళ్ళింది చిన్నది. చిన్నది అంటే ఫ్లాట్‌లో అందరికంటే చిన్నపిల్ల, అదే డిపార్ట్‌మెంట్‌లో ఒక ఏడాది జూనియరు. సాయంత్రాలు అదే లాబ్‌లో గాజుసామాన్లు కడిగే పని చేసేది. చిన్నది కడిగిన సీసాలను జాగ్రత్తక్క పక్కకు తీసుకెళ్ళి మళ్ళీ కడిగేది. చిన్నది చూస్తుండగానే కడిగేది. అందులో దాపరికం ఏమీ లేదు.

“అక్కా, ఇక్కడికొచ్చి రెండేళ్ళయింది. నువ్వు చూసిందేంటి? లాబు, వంటిల్లు, కూరగాయల కొట్టు. ఆ బస్సు ఎక్కితే మూడు గంటల్లో ఇంకో దేశం. మనూళ్ళో మూడు గంటల్లో మా మేనత్త ఇంటికి కూడా చేరం,” అంది చిన్నది.

“సోమవారం ఎనిమిదింటికి నా సీసాలున్నాయే.”

“ఆదివారం ఆరుకల్లా వచ్చేస్తాం. పద్నాలుగు గంటలు మిగులుతాయి. నువ్వు పద్నాలుగు గంటలు ముందే వెళ్ళి లాబు గుమ్మం ముందు కూర్చుందువుగాని.”

జాగ్రత్తక్క మూడు వారాలు ఆలోచించి ఒప్పుకుంది. ఒప్పుకున్న మర్నాడే ప్లాను తయారైంది. రెండు రోజులు, పదకొండు చూడవలసిన స్థలాలు, స్థలానికి ముప్పై అయిదు నిమిషాలు. ఫోటోకు ఎక్కడ నిలబడాలో, వెనక ఏం కనబడాలో కూడా అందులో రాసి ఉంది. ప్లానుకు లామినేషన్ అయింది. పనిలో పనిగా ఇంకో కాగితానికి కూడా అయింది. చదువుకునే దేశంలో ఉండేందుకు ఇచ్చిన అనుమతి కార్డు గడువు తీరిపోయి, కొత్త కార్డు వచ్చేదాకా చూపించుకోండని ఆఫీసు వాళ్ళు ఇచ్చిన ఒక్క పేజీ కాగితమది. కింద ముద్ర, ముద్ర పక్కన మెరిసే స్టిక్కరు. నెల క్రితం ఇద్దరూ ఒకే లైన్లో నిలబడి, ఒకే కౌంటర్లో తెచ్చుకున్నారు. చిన్నది తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఫోను కవరు వెనక దోపుకుంది. అప్పటినుంచి ఆ కాగితం మీద టీ ఒలికింది, వాన పడింది, ఒకసారి ప్యాంటు జేబులో ఉండగా వాషింగ్ మిషన్లో తిరగబోయి ఆఖరి నిమిషంలో బతికింది.

“పిచ్చిమొహమా, ఇటివ్వవే, నీదీ చేసి పెడతాను,” అంది జాగ్రత్తక్క.

“వద్దక్కా, మడత పడదు. కవర్లో పట్టదు,” అంది చిన్నది.

దాని బతుకంతా ఇలాగే తగలడుతుందని జాగ్రత్తక్క లోలోపల జాలిపడింది.

శనివారం పొద్దున బస్సు సరిహద్దు దాటింది. నది మీద వంతెన, వంతెన అవతల ఒక నీలం బోర్డు. కాపలా లేదు, గేటు లేదు. ఫోను మాత్రం ఒకసారి గుర్రుమని కొత్త దేశానికి స్వాగతం చెప్పింది.

“అక్కా, దేశం మారిందా? నాకేం తెలీలేదే.”

“మారింది. తొమ్మిది నిమిషాలు లేటుగా మారింది,” అని జాగ్రత్తక్క ప్లాను వంక చూసుకుంది.

ఆ దేశం ఎలా ఉందని తర్వాత ఎవరడిగినా జాగ్రత్తక్క సమయాలు చెప్పగలిగేది. కోట పది పదికి, చిత్రాల మ్యూజియం పన్నెండుకు. ఊరి నడిబొడ్డున ఒక పాత గడియార స్తంభం ఉంది. గంట కొట్టినప్పుడల్లా చెక్కబొమ్మలు బయటికొచ్చి గుండ్రంగా తిరుగుతాయట. వాటిని చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారట. వీళ్ళు చేరేసరికి పదకొండు యాభైనాలుగు.

“ఆరు నిమిషాలక్కా. ఆరంటే ఆరు.”

“పన్నెండుకి మనం మ్యూజియంలో ఉండాలి.”

“బొమ్మలు బయటికొస్తాయంట!”

“గడియారం ఫోటో వచ్చింది కదా. బొమ్మలు లోపలున్నాయి, ఎక్కడికీ పోవు. పద.”

మ్యూజియం మెట్ల మీద ఉండగా వెనకనించి గంటలు వినబడ్డాయి, జనం చప్పట్లు వినబడ్డాయి.  మ్యూజియంలో చిన్నది ప్రతి బొమ్మ ముందూ నిలబడి, “ఇది లోపలే ఉందక్కా, ఎక్కడికీ పోదు, పద,” అంటూ అక్కను తరిమింది. ఆ దెబ్బకి మ్యూజియం ఇరవై నిమిషాల్లో అయిపోయి, ప్లాను చరిత్రలో మొదటిసారి పదిహేను నిమిషాలు మిగిలాయి. వాటితో ఏం చేయాలో ప్లానులో లేదు గనక ఇద్దరూ మ్యూజియం ముందు బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న డబ్బాలు విప్పి తిన్నారు. పదకొండు స్థలాలూ పూర్తయ్యాయి. నూట నలభై ఫోటోలు వచ్చాయి. ఒక్క దానిలోనూ జాగ్రత్తక్క కెమెరా వంక చూడటం లేదు, గడియారం వంకే చూస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి బస్సు మళ్ళీ అదే వంతెన దగ్గరకు వచ్చింది. ఈసారి వంతెనకు ఇవతలే ఒక వ్యాను ఆగి ఉంది. వీళ్ళు చదువుకునే దేశపు అధికారులు ఇద్దరు, పచ్చకోట్లు తొడుక్కుని, బస్సును పక్కకు ఆపించారు. ఎప్పుడో ఒకసారి ఇలా తనిఖీ ఉంటుందని డ్రైవరు చెప్పాడు. అందరూ కాగితాలు తీశారు. జాగ్రత్తక్కకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళ జాగ్రత్తకు ఒక ప్రభుత్వం స్వయంగా పరీక్ష పెట్టడమంటే మాటలా? బ్యాగులోంచి ఫైలు, ఫైల్లోంచి కవరు, కవర్లోంచి తళతళలాడే కాగితం తీసి ఒళ్ళో సిద్ధంగా పెట్టుకుంది. పక్క సీట్లో చిన్నది ఫోను కవరు ఊడదీసి, అప్పడంలా అంటుకుపోయిన తన కాగితాన్ని గోటితో విడదీసుకుంటోంది.

“ఏమిటే ఆ అవతారం? అది చూపిస్తే నన్ను కూడా దింపేస్తారు,” అంది జాగ్రత్తక్క.

వచ్చింది నడివయసు అధికారిణి. ముందు చిన్నదాని కాగితం తీసుకుంది. టీ మరక మీదుగా చూపు పోనిచ్చి, ముద్ర మీద బొటనవేలితో ఒకసారి రాసింది, స్టిక్కరు అంచు గోటితో తట్టింది. “సరే,” అని ఇచ్చేసింది. తర్వాత జాగ్రత్తక్కది తీసుకుంది. బొటనవేలు ప్లాస్టిక్ మీద జారింది. ఇంకోసారి రాసింది. వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

“ఇదేంటి?” అంది.

“మీరు ఇచ్చిన కాగితమే మేడమ్. మీ ఆఫీసుదే.”

“దీనికి ఈ ప్లాస్టిక్ ఎవరు వేశారు?”

“నేనే,” అంది జాగ్రత్తక్క, కాస్త గర్వంగానే.

అధికారిణి జాలిగా చూసి, కాగితం అడుగున ముద్ర కింద ఉన్న చీమతలకాయలంత అక్షరాల మీద వేలు పెట్టింది. ఆ భాష చిన్నదానికి బాగానే వచ్చు. తొంగిచూసి చదివి, నాలుక కరుచుకుంది.

“ఏమని ఉందే?”

“ఈ పత్రానికి ప్లాస్టిక్ తొడిగినచో చెల్లదు అని ఉందక్కా.”

లామినేషన్ వల్ల ఆ అక్షరాలు మునుపటికంటే స్పష్టంగా కనబడుతున్నాయి.

జాగ్రత్తక్కకు కాళ్ళకింద బస్సు కదిలినట్టైంది, బస్సు మాత్రం ఆగే ఉంది. అధికారిణి మంచి మనిషే, మెల్లగా విడమరిచి చెప్పింది. “మీరు తప్పు చేశారని అనడం లేదు. ముద్ర అసలుదో కాదో చేత్తో తడిమి చూడాలి. ప్లాస్టిక్ మీద ఏం తడమను? మీ నెంబరు ఆఫీసులో కనుక్కోవాలి. ఈ రోజు ఆదివారం. రేపు తొమ్మిదింటికి తెరుస్తారు, అప్పుడు ఫోను చేసి కనుక్కుని పంపిస్తాను. అందాకా మీరు ఇవతలే ఉండాలి. అదిగో, ఆ పెట్రోలు బంకు వెనక లాడ్జి ఉంది.”

“రేపు ఎనిమిదింటికి నేను లాబ్‌లో ఉండాలి మేడమ్.”

“రేపు తొమ్మిదింటికి నేను ఇక్కడ ఉంటాను,” అంది ఆమె.

జాగ్రత్తక్క బస్సు దిగి నాన్నకు ఫోను చేసింది. విషయం రెండు ముక్కల్లో చెప్పి, “నాన్నా, లామినేషన్ ఊడదీయొచ్చా?” అని అడిగింది.

 అటువైపు మిషను హోరు వినబడుతోంది. ఆదివారం కూడా షాపు తెరిచే ఉంది.

“వేయడమే గానీ తీయడం మన షాపులో లేదమ్మా,” అన్నాడాయన. ఆ గొంతులో ముప్పై ఏళ్ళ వృత్తి ఒక్కసారిగా కుంగిపోయింది. “వేడి చేసి లాగితే ముద్ర ప్లాస్టిక్‌తో పాటు వచ్చేస్తుంది. ముట్టుకోకు. ఎంత మందం షీటు వేశావు, ఎన్ని మైక్రాన్లు?”

“నూట పాతిక.”

“గట్టిదే వేశావు,” అన్నాడు. బాధలో కూడా మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు.

డ్రైవరు హారను కొట్టాడు. అయిదు నిమిషాలే ఆగగలనన్నాడు. చిన్నది బ్యాగు భుజాన తగిలించుకుని మెట్లు దిగబోయింది.

“ఎక్కడికే?”

“నిన్నొక్కదాన్నే ఇక్కడ వదిలేసి వెళ్తానా అక్కా? నేనూ ఉంటా.”

 జాగ్రత్తక్క మనసులో సీసాలు ఊగుతున్నాయి. లాబు తాళం కార్డు ఉన్నవాళ్ళు ఫ్లాట్ మొత్తానికి ఇద్దరే. ఒకరికి వంతెన దాటే దారి లేదు. రెండోది ఇదిగో, చెదిరిన జుట్టుతో, ఒక చెవికే కమ్మతో మెట్టు మీద నిలబడి ఉంది. రెండో చెవి కమ్మ ఎక్కడ పడిపోయిందో ఆ పిల్లకే తెలియదు. మొన్నటికి మొన్న ఈ పిల్ల చేతికి తన పెనం కూడా ఇవ్వలేదు.

“నువ్వు ఎక్కు,” అంది జాగ్రత్తక్క. “ఎక్కవే. నువ్వు వెళ్ళాలి. సీసాలు... నా సీసాలు...”

“నేను మార్చనా?”

ఆ మాట అడగలేక అడుగుతున్న అక్క ముఖం చూసి చిన్నదానికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

“విను. ముందు చేతులు—”

“స్పిరిటుతో రెండుసార్లు.”

“శుభ్రమైన గాలి వదిలే బల్ల—”

“పావుగంట ముందు ఆన్ చేయాలి.”

“సీసా వంచి కణాలు అడుగుకు దిగేదాకా—”

“నూట ఇరవై లెక్కపెట్టాలి. నువ్వు పైకే లెక్కపెడతావు అక్కా. పదహారు సోమవారాలుగా పక్క సింకులో గాజు కడుగుతూ వింటున్నా. నాకు నిద్రలో కూడా నీ గొంతే వినిపిస్తోంది, నూట పద్దెనిమిది, నూట పంతొమ్మిది అని.”

“సోమవారాలు పొద్దునపూట నువ్వక్కడెందుకుంటావు? నీ పని సాయంత్రాలు కదా?”

“నేర్చుకుందామని వస్తా. నువ్వెప్పుడూ అటు చూడలేదు,” అంది చిన్నది.

డ్రైవరు తలుపు మూశాడు. బస్సు వంతెన ఎక్కి అవతలి దేశంలోకి వెళ్ళిపోయింది. టీ మరకల కాగితం దాటింది. తళతళలాడే కాగితం ఒడ్డున మిగిలింది.

ఆ సాయంత్రం లాడ్జి గదిలోంచి జాగ్రత్తక్క చిన్నదానికి నలభై ఆరు మెసేజీలు పంపింది. మొదటి పది ద్రవం గురించి. తర్వాతి ఇరవై మూతల గురించి. మిగతావి ముందువాటిని చదివావా లేదా అని. చిన్నది అన్నిటికీ కలిపి బొటనవేలి బొమ్మ ఒకటి పంపింది. ఆ బొమ్మను జాగ్రత్తక్క అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. దాని అర్థం సరేననా, చదవలేదనా, నోరు మూసుకోమనా? తేలలేదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆమె పెట్రోలు బంకు పక్కన కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఎనిమిదీ అయిదుకు ఫోను చేసింది. ఎత్తలేదు. ఎనిమిదీ పదికి చేసింది. ఎత్తలేదు. ఎనిమిదీ పదిహేనుకి చేయబోయి, చెయ్యి ఆపుకుంది. చిన్నది ఫోను ఎత్తాలంటే గ్లౌజులు తీయాలి. గ్లౌజులు తీస్తే మళ్ళీ స్పిరిటు, మళ్ళీ మొదటికి. ఎత్తకపోతేనే పని జరుగుతున్నట్టు. తను పని చేసే గంటలో వాళ్ళమ్మ ఫోను చేసినా తను ఎత్తేది కాదు. ఈ సంగతి తెలుసుకోవడానికి ఆమె ఇంకో దేశం దాకా రావలసి వచ్చింది. ఫోను బ్యాగులో పడేసి జిప్పు వేసింది. తర్వాత ఏం చేయాలో తోచక, బంకు ముందు కార్లు ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టింది. నూట ఇరవై దాటినా ఆపలేదు.

తొమ్మిదింటికి అధికారిణి చెప్పినట్టే వచ్చింది. ఫోను చేసింది, నెంబరు చదివింది, తల ఊపింది. తొమ్మిదీ ఇరవైకల్లా ఒక చీటీ మీద ముద్ర కొట్టి ఇస్తూ, “దీనికి మాత్రం ఏమీ తొడగకండి,” అంది. జాగ్రత్తక్క ఆ చీటీని ఏం చేయాలో తెలియక రెండు వేళ్ళతో పట్టుకునే బస్సెక్కింది.

లాబు చేరేసరికి ఒంటిగంట దాటింది. బ్యాగు కూడా దించకుండా ఊగే బల్ల దగ్గరకు పరుగెత్తింది. మీగడరంగు. మీగడరంగు. మీగడరంగు. ఒక్కో వరుసా లెక్కపెట్టింది. ముప్పై అయిదు. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై అయిదే.

చిన్నది సింకు దగ్గర నిలబడి ఉంది. తప్పించుకునే ప్రయత్నం చేయలేదు.

“పదిహేడో నెంబరు పోయిందక్కా. నా మోచెయ్యి తగిలింది. పగిలింది. ముక్కలు ఏరేశాను, నేల తుడిచాను, ప్రొఫెసరు గారికి కూడా చెప్పేశాను. ఒకటి పోతే లెక్కల్లో సర్దుకుంటుంది, మిగతావి బాగున్నాయి అన్నారు. నువ్వు తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టెయ్, మూడింటికి నాకు క్లాసుంది.”

జాగ్రత్తక్క తిట్టడానికి ఊపిరి పీల్చుకుంది. దారిపొడుగునా ఎన్నో వాక్యాలు కూర్చుకుని వచ్చింది కూడా. అవన్నీ ముప్పై ఆరు సీసాలూ చచ్చిపోయిన సందర్భానికి పనికొచ్చేవి. ఒక్క సీసాకు సరిపడే తిట్టు ఆమె దగ్గర లేదు.

“వేలు తెగిందా?” అంది.

“కొంచెం.”

“చూపించు.”

చూసింది. కట్టు తనే విప్పి, సరిగ్గా లేదని మళ్ళీ కట్టింది. అది మాత్రం మానలేకపోయింది. చిన్నది కూడా చెయ్యి చాచి కట్టించుకుంది.

తర్వాత బల్ల మీది రిజిస్టరు తెరిచింది. ప్రతి సోమవారానికీ ఒక గీత, గీతకు చివర ‘చేసినవారు’ అన్న గడి. పదహారు గడుల్లోనూ ఒకే పేరు, ఒకే దస్తూరి, ఒకే నీలం ఇంకు. పదిహేడో గీతలో తేదీ వేసింది, సమయం వేసింది, సీసాలు ముప్పై అయిదు అని రాసింది. చివరి గడి దగ్గర కలం ఆగింది.

“ఏమే, నీ ఇంటిపేరేంటి?”

“ఎందుకు, కేసు పెడతావా?”

“రిజిస్టర్లో పూర్తి పేరు రాయాలి.”

“ఏడాదిగా ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం అక్కా! చెప్పుల స్టాండు మీద నా పేరు రాశావు!”

“దాని మీద ‘చిన్నది’ అని రాశాను.”

చిన్నది నడుం మీద చేతులు వేసుకుని కాసేపు అక్కను ఎగాదిగా చూసింది. తర్వాత చేతులు తుడుచుకుని దగ్గరకొచ్చి, ఇంటిపేరుతో మొదలుపెట్టి, అక్షరం అక్షరం చెప్పింది. జాగ్రత్తక్క తలెత్తకుండా రాసుకుంది.